రంగు మారిందా? మార్చారా?

ఒక పాత స్టాంపు మీ ముందుంది. కేటలాగులో దాని రంగు ఆకుపచ్చ. మీ చేతిలో ఉన్నది మాత్రం నీలం. అమ్మే మనిషి గొంతు తగ్గించి, "ఇలాంటిది ఇంకోటి దొరకదు సార్, అచ్చులోనే పొరపాటు జరిగింది" అంటున్నాడు. మీరేం చేస్తారు?

ఆశపడి వెంటనే కొనేవాళ్లు ఒక రకం. "అంతా మోసం" అని చెయ్యి విదిలించి వెళ్లిపోయేవాళ్లు ఇంకో రకం. పైకి వేరుగా కనిపించినా ఇద్దరూ చేసింది ఒకటే. చూడకుండానే తీర్పు చెప్పేశారు. మూడో రకం మనిషి స్టాంపును కిటికీ దగ్గరికి తీసుకెళ్తాడు. పక్కన అలాంటిదే ఇంకో స్టాంపు పెడతాడు. భూతద్దం తీస్తాడు. ఈ రంగు అచ్చులోనే ఇలా పడిందా, తరవాత మారిందా, ఎవరైనా మార్చారా అని మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. జవాబు దొరికాకే నోరు విప్పుతాడు.

మనకు కావలసింది ఈ మూడో మనిషి చూపు. స్టాంపులు సేకరించే అలవాటు మీకు లేకపోయినా ఫర్వాలేదు. ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవాలన్నా, స్నేహితుడి మౌనాన్ని అర్థం చేసుకోవాలన్నా, పిల్లాడి మార్కులు ఎందుకు తగ్గాయో తెలుసుకోవాలన్నా ఇదే చూపు కావాలి. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే తొందరపాటును వదిలించుకోవడానికి అంగుళం పొడవుండే ఈ కాగితం ముక్క చక్కటి గురువు.

మామూలు కారణాన్ని ముందు చూడండి

పై ఉదాహరణలో నీలం స్టాంపు సంగతి చూద్దాం. పాతకాలపు ఆకుపచ్చ సిరాల్లో చాలావాటిని నీలం, పసుపు కలిపే తయారు చేసేవారు. ఎండ తగిలో, రసాయనం తగిలో పసుపు భాగం పోతే మిగిలేది నీలమే. అచ్చులో ఏ పొరపాటూ జరగలేదు. ఇలా తరవాత రంగు మారినదాన్ని సేకర్తలు 'చేంజ్‌లింగ్' అంటారు. చేంజ్‌లింగ్‌లు కోకొల్లలు. నిజంగా రంగు తప్పి అచ్చయిన స్టాంపులు బహు అరుదు. అందుకే అనుభవజ్ఞుడు ముందు మామూలు కారణాన్ని పరిశీలిస్తాడు. అది కాదని తేలాకే అరుదైన కారణం దగ్గరికి వెళ్తాడు.

అలాగని అరుదైనది అసలు ఉండదని కాదు. స్వీడన్ 1855లో తొలి స్టాంపులు వేసింది. అందులో మూడు స్కిల్లింగ్‌ల (అప్పటి స్వీడన్ నాణెం) స్టాంపు నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చ, ఎనిమిది స్కిల్లింగ్‌లది పసుపు. 1886లో ఒక బడిపిల్లాడికి పాత ఉత్తరాల మధ్య మూడు స్కిల్లింగ్‌ల స్టాంపు పసుపు రంగులో దొరికింది. దాన్ని ఏడు క్రోనార్లకు ఒక వ్యాపారికి అమ్మేశాడు. ఎనిమిది స్కిల్లింగ్‌ల అచ్చులో పొరపాటున మూడు స్కిల్లింగ్‌ల దిమ్మ ఒకటి చేరడం వల్ల అలా జరిగి ఉంటుందని నిపుణుల అంచనా. 1970ల్లో దాన్ని నకిలీ అన్నారు. మళ్లీ పరీక్షించి అసలుదేనని తేల్చారు. 1996లో అది వేలంలో ఇరవై ఎనిమిది లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి పలికింది. అలాంటిది రెండోది ఈనాటికీ బయటపడలేదు.

ఈ కథలో మనం పట్టుకోవలసింది ధరను కాదు. దొరికి దాదాపు తొంభై ఏళ్లయ్యాక కూడా దాన్ని మళ్లీ పరీక్షకు పెట్టారు. నిజం పరీక్షకు భయపడదు. మీ అభిప్రాయం నిజమనుకుంటే దాన్నీ రెండోసారి పరీక్షకు పెట్టండి. నిలబడితే మీకే బలం, నిలబడకపోతే నష్టం తప్పింది.

దోషి ఎవరో తేల్చండి

"రంగు పోయింది" అని సరిపెట్టుకుంటే విద్య అక్కడితో ఆగిపోతుంది. ఏం తగిలి పోయింది? రంగును మార్చేవి ముఖ్యంగా నాలుగు: వెలుగు, నీరు, గాలి, మనిషి చెయ్యి.

వెలుగు రంగును మెల్లగా తినేస్తుంది. 1856 తరవాత పుట్టుకొచ్చిన కృత్రిమ రంగుల్లో కొన్ని కళ్లు జిగేల్‌మనిపించేవి, కానీ ఎండకు ఆగేవి కావు. గులాబీలు, ఊదాలు ముందు లొంగిపోతాయి. అమెరికా 1861లో వేసిన మూడు సెంట్ల స్టాంపులో మామూలు రోజా రంగువి కోట్లలో ఉన్నాయి, తొలి విడతలో వచ్చిన గులాబీ ఛాయవి తక్కువ. రోజా స్టాంపు ఎండలో వెలిస్తే గులాబీలా కనిపించి కొత్తవాళ్లను బోల్తా కొట్టిస్తుంది.

నీరు చేసే పని వేరు. బ్రిటన్‌లో 1883, 84 సంవత్సరాల్లో డి లా రూ కంపెనీ లేత ఊదా, ఆకుపచ్చ రంగుల్లో స్టాంపుల వరస ఒకటి అచ్చు వేసింది. ఆ సిరాలు నీళ్లు తగిలితే నిలవవు. కవరు నుంచి ఊడదీయడానికి ఆకుపచ్చ స్టాంపును నీళ్లలో వేస్తే చాలు, రంగు నీలం వైపో, వెలవెలబోయిన పసుపు వైపో తిరుగుతుంది. భూతద్దంలో చూస్తే స్టాంపు మీది రాణి బొమ్మలో జుట్టు సన్నగీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మసకగా ఉంటాయి. దాని మీద పడిన తపాలా ముద్ర మాత్రం నల్లగా, పదునుగా అలాగే నిలిచి ఉంటుంది. ముద్ర చెక్కుచెదరకుండా బొమ్మ ఒక్కటే కరిగిందంటే దోషి నీరే.

ఇది నాసిరకం పనితనం అనుకుంటే పొరపాటు. కావాలనే అలా చేశారు. 1840లో ప్రపంచంలో మొదటి అంటింపు స్టాంపు పెన్నీ బ్లాక్ వచ్చింది. నల్ల స్టాంపు మీద ఎర్ర ముద్ర వేసేవారు. ఆ ఎరుపును తుడిచేసి స్టాంపును మళ్లీ వాడేస్తారన్న భయం పట్టుకుంది. 1841లో స్టాంపును ఎరుపుకు మార్చి, ముద్రను నలుపు చేశారు. ముద్రను కడగబోతే స్టాంపే కరిగిపోవాలన్నది తరవాతి ఆలోచన. అంటే నీళ్లలో కరిగిన ఆ ఆకుపచ్చ తనకు అప్పజెప్పిన పని చేసింది. కొందరు మనుషులూ అంతే. తప్పు పని చేయమంటే ముఖం మారిపోతుంది, గొంతు వణుకుతుంది. దాన్ని పిరికితనం అనకండి. ఆ మనిషిలోని నిజాయితీ తన పని తాను చేస్తోంది.

పోయినది వేరు, కప్పబడినది వేరు

ఇక గాలి. సీసం కలిసిన నారింజ, ఎరుపు రంగులకు గాలిలోని గంధకం పడదు. నారింజ రంగు స్టాంపు క్రమంగా ముదురు గోధుమకు, ఒక్కోసారి నలుపుకు తిరుగుతుంది. చాలామంది దీన్ని ఆక్సిజన్ వల్ల జరిగినదని అనుకుంటారు. అసలు కారణం గంధకం. ఆ నలుపును తొలగించడానికి నిపుణులు వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ అందించేదే ఆక్సిజన్! కారణాన్ని తప్పుగా పట్టుకుంటే మందునే రోగం అనుకుంటామని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇక్కడే ఈ విద్య మొత్తంలో విలువైన తేడా ఒకటి ఉంది. ఎండకు వెలిసిన రంగు పోయింది, ఇక రాదు. గంధకంతో నల్లబడిన రంగు మాత్రం చిలుం పట్టిన ఇత్తడి చెంబు లాంటిది. చింతపండు పెట్టి తోమితే మెరుపు బయటికొస్తుంది. రెండింటినీ "పాడైపోయింది" అనే ఒక్క మాటతో తోసేస్తే, బాగుచేయగలిగిన దాన్ని కూడా పారేస్తాం.

మీ జీవితంలోకి తొంగి చూడండి. ఏళ్లుగా వదిలేసిన భాష, సంగీతం, లెక్కలు నిజంగా పోయాయా, లేక మీద పొర పట్టిందా? చెడిపోయిందనుకున్న స్నేహం ముగిసిందా, చెప్పుడు మాటల మసి పట్టిందా? మసి అయితే ఒక ఫోను, ఒక సారీ, ఒక గంట కూర్చుని మాట్లాడటం చాలు. నిజంగా పోయినదైతే దాన్ని పట్టుకు వేలాడక ముందుకు నడవండి. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగినవాడు సగం దిగులును అక్కడే దించేసుకుంటాడు.

నాలుగోది మనిషి చెయ్యి. ఒక రంగు ఎగిరిపోయిన స్టాంపుకు మార్కెట్‌లో మంచి గిరాకీ ఉంటుంది కాబట్టి రసాయనంతోనో, ఎండలో పెట్టో ఆ రంగును తీసేసేవాళ్లు ఉన్నారు. కానీ చేసిన పని జాడ వదలకుండా పోదు. అచ్చులో నిజంగా పడని రంగైతే దాని చుక్క ఒక్కటీ ఉండదు. తీసేసిన రంగైతే పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దంలో ఎక్కడో కాగితం నూగులో, అంచు పళ్ల మధ్య ఒక నలుసు దొరికిపోతుంది.

తేడా అంతా లోపం కాదు

ఇంతవరకు చదివి, రంగు తేడా కనబడగానే అనుమానపడటం మొదలుపెడితే అదీ తప్పే. హైదరాబాద్ సంస్థానం స్టాంపులే చూడండి. నిజాం తపాలా 1869లో తొలి స్టాంపు తెచ్చింది. 1871 నుంచి వచ్చిన వరసలో విలువను తెలుగులో కూడా అచ్చు వేశారు. అందులో అర్ధణా స్టాంపులను ఒకచోట పేర్చితే పసుపు కలిసిన గోధుమ, నారింజ కలిసిన గోధుమ, ఇటుక ఎరుపు, రోజా ఎరుపు అన్నీ కనిపిస్తాయి. ఏళ్ల తరబడి విడతలు విడతలుగా అచ్చు వేస్తూ పోతే, సిరా కలిపిన ప్రతిసారీ ఛాయ కాస్త అటూ ఇటూ అవుతుంది. అవన్నీ సహజమైన ఛాయలే. కేటలాగులు వాటికి విడివిడిగా చోటిచ్చాయి.

కొన్నిసార్లు రంగును ప్రభుత్వమే మారుస్తుంది. 1897లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ తపాలా సమాఖ్య మహాసభ విదేశీ టపాకు రంగులు సూచించింది. అచ్చు కాగితాల రేటుకు ఆకుపచ్చ, పోస్టుకార్డు రేటుకు ఎరుపు, ఉత్తరం రేటుకు నీలం. భాష రాని దేశంలో కూడా గుమాస్తా రంగు చూసి రేటు పోల్చుకోవచ్చు. మన దేశంలో అప్పటిదాకా ఊదా ఛాయలో ఉన్న అణా స్టాంపు 1900లో ఎరుపైంది. ఈ సంగతి తెలియనివాడు ఒకదాన్ని వెలిసిపోయినదనీ, ఇంకోదాన్ని నకిలీ అనీ అంటాడు.

అంతకుముందు 1854లో కలకత్తాలో అర్ధణా స్టాంపును సింధూరపు రంగులో వేయడం మొదలుపెట్టారు. ఇంగ్లండు నుంచి వచ్చిన సింధూరపు సిరా చాలలేదు. పని ఆపలేదు, రంగు మార్చారు. ప్రజల చేతికి అందిన అర్ధణా స్టాంపు నీలం. అనుకున్న వనరు అందకపోతే గమ్యాన్ని కాక దారిని మార్చుకోవాలన్న పాఠం ఆ స్టాంపులోనే ఉంది.

కాబట్టి తేడా కనబడగానే మూడు గదుల్లో ఒకదానిలో వేయండి. పుట్టుకతో వచ్చిన ఛాయ, అవసరం కొద్దీ చేసుకున్న మార్పు, తరవాత తగిలిన దెబ్బ. మొదటిదాన్ని గౌరవించాలి, రెండోదాన్ని అర్థం చేసుకోవాలి, మూడోదానికే చికిత్స. నెమ్మదిగా మాట్లాడే పిల్లని "చురుకు లేదు" అనడం, పుట్టుకతో వచ్చిన ఛాయను వెలిసిపోవడం అనుకోవడమే.

చూపుకు పదును పెట్టే అయిదు మెట్లు

1. వెలుగు సరిచేసుకోండి. ట్యూబులైటు కింద, పసుపు బల్బు కింద రంగులు అబద్ధం చెబుతాయి. నేరుగా ఎండ పడని ఉత్తరపు కిటికీ దగ్గర, పగటిపూట, తెల్లటి లేదా బూడిద రంగు కాగితం మీద పెట్టి చూడండి. ఫోను తెర మీది ఫొటో చూసి ఛాయ తేల్చకండి. మనసుకూ ఇదే నియమం. కోపంలో, ఆకలిలో, నిద్రలేమిలో ఎవరి మీదా అభిప్రాయం ఏర్పరచుకోకండి.

2. పోలిక పెట్టండి. ఒంటరిగా ఉన్న రంగును కన్ను సరిగ్గా కొలవలేదు. అదే స్టాంపు తేదీ స్పష్టంగా ఉన్నది ఇంకోటి పక్కన పెట్టండి. స్టాన్లీ గిబ్బన్స్ వాళ్ల 200 రంగుల పట్టీ లాంటిది దొరికితే మరీ మంచిది. మనిషి విషయంలో సరైన పోలిక పక్కింటివాడు కాదు, నిన్నటి ఆ మనిషే.

3. దెబ్బ తగలని చోటు వెతకండి. స్టాంపును తిప్పి వెనక చూడండి. కవరు మీద రెండు స్టాంపులు ఒకదాని మీదికి ఒకటి కాస్త ఎక్కి ఉంటే, కింద దాగిన అంచులో అసలు రంగు భద్రంగా ఉంటుంది. పైన వెలిసి, కింద నిండుగా ఉందంటే దోషి వెలుగే. మనిషిలోనూ ఒత్తిడి తగలని చోట చూడండి. ఆఫీసులో చిటపటలాడే మనిషి పిల్లలతో ఎలా మాట్లాడతాడో చూస్తే అసలు రంగు తెలుస్తుంది.

4. చుట్టుపక్కల సాక్ష్యం అడగండి. రంగు మారితే కాగితం ఎలా ఉంది? మామూలు కన్నా తెల్లగా పాలిపోయిందా, గోధుమగా మాగిందా? ముద్ర సిరా కూడా వెలిసిందా? ఒక్క ఆధారం మీద ఎన్నడూ తీర్పు చెప్పకండి. రెండు మూడు ఒకే వైపు చూపిస్తే అప్పుడు నమ్మండి.

5. మీ హద్దు తెలుసుకోండి. విలువైన స్టాంపు అయితే లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లాంటి సంస్థల నిపుణుల సంఘాలు పరీక్షించి ధ్రువపత్రం ఇస్తాయి. కంటికి అందని సిరా భేదాలను వాళ్లు పరికరాలతో పట్టుకుంటారు. పెద్ద నిర్ణయం ముందు తెలిసినవాడిని అడగడం చిన్నతనం కాదు. ఆరోగ్యం, ఆస్తి, పెళ్లి, ఉద్యోగం, దేనికైనా ఇదే మాట.

కాపాడటం రోజువారీ పని

ఒక్క రోజు ఎండకు స్టాంపు పెద్దగా మారదు. గోడ మీద ఫ్రేములో పెట్టి ఏళ్ల తరబడి వదిలేస్తే మారుతుంది. నష్టం ఎప్పుడూ కొంచెం కొంచెంగానే వస్తుంది. అందుకే జాగ్రత్త కూడా రోజూ కావాలి. స్టాంపులను వెలుగుకు దూరంగా, ఆమ్లం లేని కాగితపు ఆల్బమ్‌లో ఉంచండి. చవక పీవీసీ కవర్లు వద్దు. రబ్బరు బ్యాండు అసలే వద్దు, అందులో గంధకం ఉంటుంది. వేళ్లతో కాక పట్టకారుతో తీయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తేమ వల్ల కాగితం మీద తుప్పు రంగు మచ్చలు లేస్తాయి. వానాకాలంలో ఆల్బమ్‌లను నిలువుగా పెట్టి, అప్పుడప్పుడు గాలి ఆడనివ్వండి. పాత స్టాంపు ఏ సిరాదో తెలియకుండా నీళ్లలో ముంచకండి. నల్లబడిందని పెరాక్సైడ్ ప్రయోగాలు సొంతంగా చేయకండి. తొందరపు వైద్యం రోగం కన్నా ఎక్కువ చెడుపు చేస్తుంది.

మన గుణాలూ ఇంతే. నిజాయితీ ఒక్క రోజులో వెలిసిపోదు, ఓపిక ఒక్క మాటతో హరించుకుపోదు. రోజూ ఏం తగలనిస్తున్నామో దాన్నిబట్టి నిలుస్తాయి లేదా వెలుస్తాయి. ఎవరి మధ్య కూర్చుంటున్నారో, పడుకునే ముందు ఏం చూస్తున్నారో, ఏ మాటలు చెవిన వేసుకుంటున్నారో గమనించుకోండి.

ఈ నెల సాధన

చదివి పక్కన పెడితే లాభం లేదు. చేతికి పని కావాలి. పోస్టాఫీసులో దొరికే చవక స్టాంపులు, వేర్వేరు రంగులవి, ఒక్కో రకం రెండేసి కొనండి. ఒక్కో రకంలో ఒకదాన్ని కాగితం మీద అంటించి, ప్రతి స్టాంపులో సగాన్ని నల్ల అట్టతో కప్పి, ఎండ పడే కిటికీలో పెట్టండి. రెండోవాటిని పుస్తకంలో దాచండి. వారానికోసారి అట్ట ఎత్తి రెండు సగాలనూ పోల్చండి. ఏ రంగు ముందు లొంగింది, ఏది నిలిచింది, కాగితం ఏమైంది, తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాయండి. ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే వాళ్లనూ కూర్చోబెట్టండి. చూసింది చూసినట్టు రాయడం ఆ వయసులో అబ్బితే జన్మంతా తోడుంటుంది.

అదే నోటు పుస్తకం వెనక పేజీలో ఇంకో పని. ఈ మధ్య మీకు "మారిపోయాడు" అనిపించిన ఒక మనిషి పేరు రాయండి. కింద నాలుగు గీతలు గీసి ఈ ప్రశ్నలకు జవాబు రాయండి. ముందు ఎలా ఉండేవాడు? ఎప్పటి నుంచి మారాడు? ఏం తగిలింది? పోయిందా, కప్పబడిందా? జవాబు తెలియని గీతను ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ నింపడానికి వాళ్లతోనే మాట్లాడండి, వాళ్ల గురించి ఇంకొకరితో కాదు.

రంగు మారిన స్టాంపును కూడా పారేయకండి. మంచి సేకర్తలు చేంజ్‌లింగ్‌లకు ఆల్బమ్‌లో విడిగా ఒక పేజీ ఇస్తారు. కింద "రంగు మారినది, కారణం: నీరు" అని రాస్తారు. తరవాత వచ్చే అనుమానాలకు అవే పోలికలు. దెబ్బతిన్న అనుభవాన్ని అసలు పేరుతో, అసలు కారణంతో రాసిపెట్టుకున్నవాడికి అది పాఠ్యపుస్తకం అవుతుంది.

నిదానమే ప్రధానం అని పెద్దలు ఊరికే అనలేదు. అన్నిటికీ అప్పటికప్పుడు అభిప్రాయం చెప్పేయాలన్న ఒత్తిడి ఇవాళ అందరి మీదా ఉంది. ఆ ఒత్తిడికి లొంగకండి. "ఇంకా చూడలేదు, చూసి చెబుతాను" అనడానికి ధైర్యం కావాలి. ఆ మాట అనగలిగి, నిజంగానే వెళ్లి చూసి, ఆధారంతో తిరిగొచ్చి చెప్పే మనిషి మాటకు ఇంట్లోనూ బజారులోనూ విలువ ఉంటుంది. ఆ విలువను ఈ వారమే సంపాదించడం మొదలుపెట్టండి.